ఈపర్‌లో పోయిన ఫ్యూజు

ముందు ఆ అపార్ట్‌మెంట్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి కారులో బెల్జియంలోని ఈపర్ వెళ్లాం, మేమిద్దరం, గుంటూరు నుంచి వచ్చిన అత్తయ్య, మామయ్యగార్లు. రెండు రాత్రులకు 210 యూరోలు అని బుక్ చేస్తే, తాళాలిచ్చే ముందు దుప్పట్లు, తువ్వాళ్లకు మనిషికి 12, క్లీనింగ్‌కు 55 అన్నారు. అంటే ఇంకో 103! డిపాజిట్ 150 వేరే. వంటగదిలో రెండు ప్లేట్లు, వెలిగేది ఒక్క పొయ్యి. అత్తయ్య రైస్ కుక్కర్ పెట్టగానే ఫ్యూజు పోయింది, ఓనరుకు మెసేజ్ పెడితే 'ఎలక్ట్రీషియన్ వస్తే 30 యూరోలు మీరే కట్టాలి' అని జవాబు. ఆ రాత్రి ఫోన్ లైటు వెలుగులో పెరుగు డబ్బాతో అటుకులు తిన్నాం. అత్తయ్య మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మామయ్యగారికి మాత్రం ఇదేమీ పట్టలేదు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పిన మనిషి, సాయంత్రం ఏడింటికే మెనిన్ గేట్ అనే యుద్ధ స్మారక ద్వారం కింద నిలబడ్డారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయి సమాధి కూడా దొరకని 54 వేల మందికి పైగా సైనికుల పేర్లు ఆ గోడల నిండా ఉన్నాయి. మన తెలుగు పేరు ఒక్కటైనా కనిపిస్తుందేమోనని మెడ నొప్పి పుట్టేదాకా వెతికారు, ఆయన కంటబడినవన్నీ సింగ్‌లు, ఖాన్‌లే. 1914 అక్టోబరులోనే బ్రిటిష్‌వాళ్లు మన సిపాయిలను జర్మన్ల మీద ఇక్కడి కందకాల్లోకి దింపారు. అక్టోబరు 31న హోలెబేక్ దగ్గర తోటివాళ్లంతా చనిపోయినా మెషిన్ గన్ వదలని ఖుదాదాద్ ఖాన్, చచ్చాడనుకుని శత్రువులు వదిలేస్తే పాక్కుంటూ తన దళానికి చేరాడు. బ్రిటిష్‌వాళ్ల అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్న మొదటి భారతీయ సైనికుడు ఆయనే. ప్రాణాలతో బయటపడ్డాడు కాబట్టి ఆ గోడ మీద ఆయన పేరు వెతక్కండి, మేం వెతికాం.

ఎనిమిదికి ట్రాఫిక్ ఆపేసి, చనిపోయిన ఆ సైనికుల జ్ఞాపకార్థం బ్యూగిల్ ఊదారు. 1929 నుంచి రోజూ ఇంతే, రెండో యుద్ధంలో జర్మన్లు ఊరిని ఆక్రమించుకున్న కాలం తప్ప. పైసా టికెట్ లేదు. ఏడున్నర దాటితే ముందు వరుస దొరకదు, అరగంట నిలబడలేని పెద్దవాళ్లుంటే మడత కుర్చీ పట్టుకెళ్లండి.

మర్నాడు సముద్రం పక్కనున్న నియూపోర్ట్ ఊరు. ఆ 1914 అక్టోబరు చివర్లోనే ఇక్కడ బెల్జియన్లు పోటు వేళ తూములెత్తి సముద్రాన్ని పొలాల్లోకి వదిలారట, ఆటు వేళ మూసేశారట, ఐజర్ నది నుంచి రైలుకట్ట దాకా నీళ్లు నిలిచి జర్మన్లు వెనక్కి తగ్గారు. మా కృష్ణా కాలువల లాకుల్లాంటివే ఆ తూములు, అవి చూశాకే అత్తయ్య నోరు విప్పింది: 'ఇంత నీళ్లున్న దేశంలో బాత్రూంలో చెంబు పెట్టుకోలేరా?' అని. గట్టు మీద బండి దగ్గర 5 యూరోల వేడి బంగాళాదుంప ముక్కలు తిన్నాక మూడ్ ఇంకాస్త బాగుపడింది.

నా మాట వినండి, ఈపర్‌లో అపార్ట్‌మెంట్ వద్దు, స్టేషన్ దగ్గర మామూలు హోటల్ తీసుకోండి. డిపాజిట్ 19 రోజుల తర్వాత వచ్చింది, 120. ఆ ఫ్యూజు మా ఆయనే వేశాడు, ఎలక్ట్రీషియన్ ఎవరూ రాలేదు.