బరంపురంలో ఇంటికొచ్చి బర్త్‌డే చేసిపెట్టేవాళ్ళు: పని బాగుంది, స్పీకరు మాత్రం వద్దనండి

మనవడి మూడో పుట్టినరోజుకి గిరి రోడ్డు వైపున్న ఒక డెకరేషన్ షాపుకి ప్యాకేజీ ఇచ్చాం. బెలూన్లు, వెనక తెర, రెండు కిలోల కేకు, పాతికమంది పిల్లలకి తినుబండారాలు, స్పీకరు, అన్నీ కలిపి 9,500 రూపాయలు. షాపు పేరు రాయను. మంచి చెప్పినా చెడు చెప్పినా ఈ ఊళ్ళో తెలుగువాళ్ళం అందరం ఎక్కడో ఒకచోట చుట్టాలమే అవుతాం, రేపు పెళ్ళిలో ఎదురుపడాలి.

మా ఇంటి సంగతి ముందు చెప్పాలి. అమ్మాయి పురుటికి వచ్చి ఉంది, ఏడో నెల. అల్లుడు ముచ్చటపడి తెచ్చిన కుక్కపిల్ల ఒకటి, రెండున్నర నెలలది, కాలికీ చేతికీ అడ్డం పడుతూ తిరుగుతుంటుంది. ఇక పుట్టినరోజు వాడు, కిందపడిందల్లా నోట్లో పెట్టుకునే రకం. షాపులో చూపించే ఆల్బంలో జంగిల్ థీమ్ ఉంది, యూనికార్న్ థీమ్ ఉంది గానీ ఇలాంటి ఇంటికి ఏం చెయ్యాలో ఆ ఆల్బంలో ఉండదు. అది మనమే చెప్పి చేయించుకోవాలి. వీళ్ళు చెబితే విన్నారు. నేను మార్కులు వేసేది దానికే.

ముందు గ్యాసు బెలూన్ల దగ్గర వచ్చింది పేచీ. "సీలింగుకి అతుక్కుని వేలాడతాయి పిన్నిగారూ, ఫొటోల్లో ఎంత బాగుంటుందో" అన్నాడు యజమాని, ఇచ్ఛాపురం అబ్బాయి. ఏం గ్యాసు బాబూ అనడిగితే "గ్యాసే" అన్నాడు. అలా అంటే కుదరదు. హీలియం అయితే మండదు, కానీ ఖరీదెక్కువ. చవగ్గా కావాలనుకునేవాళ్ళు సిలిండర్లో కాస్టిక్ సోడా, అల్యూమినియం ముక్కలు, నీళ్ళు కలిపి హైడ్రోజన్ తయారుచేసి నింపుతారు. కొవ్వొత్తి సెగ తగిలితే అది భగ్గుమంటుంది. కేకు చుట్టూ పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతుంటారు, వాళ్ళ తలల మీద వేలాడేది అదైతే ఎలా? ఇంత చెప్పేసరికి అతను వాదించలేదు. గ్యాసువి మానేసి, పంపుతో గాలి కొట్టిన బెలూన్లే గోడకి ఎత్తుగా కట్టి, 800 తగ్గించాడు. అడగకుండా తగ్గించాడు, అది గుర్తుపెట్టుకున్నాను.

గాలి బెలూన్లతో కూడా జాగ్రత్త ఉండాలి. పగిలిన రబ్బరు ముక్క పసివాడి గొంతులోకి వెళ్తే గాలిగొట్టానికి అతుక్కుపోతుంది, వేలు పెట్టి తీద్దామంటే ఇంకా లోపలికి పోతుంది. కుక్కపిల్ల మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది, రిబ్బను ముక్కలూ అంతే. అందుకని పగిలినవి పగిలినట్టు ఏరాలని ముందే చెప్పాం. వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు నడుముకి క్యారీబ్యాగు కట్టుకుని, పార్టీ అయ్యేదాకా ఠప్‌మన్న చోటికల్లా పరిగెత్తాడు. సోఫా కింద టార్చి వేసి మరీ వెతికాడు. మా పనమ్మాయి కూడా అంత శ్రద్ధగా ఊడవదు.

రెండోవాడే కొంచెం కోతి. తెర కడుతూ రిబ్బను కొస పట్టుకుని కుక్కపిల్ల ముందు ఊపుతూ ఆడించాడు. అది రిబ్బను వదిలేసి వేలు పట్టుకుంది. సన్నగా ఎర్రటి గీత, రక్తం రాలేదు. "కిచ్ఛి నాహి మావుసీ" (ఏం కాలేదు పిన్నీ) అని ఒడియాలో అంటూ ప్యాంటుకి తుడిచేసుకోబోయాడు. పక్కవాడేమో పసుపు పెట్టమన్నాడు. పసుపూ వద్దు, కారమూ వద్దు, సున్నమూ వద్దని పెరట్లో కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి సబ్బుతో 15 నిమిషాలు కడిగించాను. గడియారం చూస్తూ నుంచున్నాను కూడా, లేకపోతే రెండు నిమిషాలకే కట్టేసేవాడు. కుక్కపిల్లకి మూడు నెలలు నిండాక గానీ రేబిస్ టీకా వెయ్యరు, మాదానికి ఇంకా పడలేదు. పెంపుడుది కదా, పిల్ల కదా అని వదిలేసే విషయం కాదిది. యజమానికి ఫోన్ చేస్తే అప్పటికప్పుడు ఇంకో మనిషిని పంపి, వీణ్ణి బండి మీద మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ రేబిస్ ఇంజెక్షన్లు 0 (మొదటిది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు తీసుకోరు. నాలుగూ వేయించాడా లేదా అని తర్వాత ఫోన్ చేసి కనుక్కున్నాను, వేయించాడు. ఈ గొడవలో మా మీద ఒక్క మాట తూలలేదు, బిల్లులో ఒక్క రూపాయి కలపలేదు.

కేకు గురించి. చాక్లెట్టే కావాలని మనవడి పంతం. రుచి బాగుంది, క్రీము తక్కువ, స్పాంజి మెత్తగా ఉంది, తీపి ఒక పిసరు ఎక్కువ. పైన బంగారు మెరుపు చల్లుతామంటే అది తినేదా, ఊరికే మెరిసేదా అని డబ్బా చూపించమన్నాను. చూపించలేకపోయాడు, వద్దన్నాను. బిల్లు మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకులకి లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ళ 14 అంకెల నంబరు ఉంది, అది చూసే అడ్వాన్సు ఇచ్చాం.

చాక్లెట్లో ఉండే థియోబ్రోమిన్ కుక్కలకి పడదు. కోకో ఎంత చిక్కగా ఉంటే అంత ప్రమాదం: వాంతులు, గుండెదడ, ఎక్కువ తింటే ఫిట్స్. పిల్లలు ప్రేమగా పెట్టేస్తారు కాబట్టి కేకు కోసేముందే కుక్కపిల్లని వెనక గదిలో దాని గోనెపట్టా మీద వదిలి తలుపు వేశాం. పక్కింటి ఒడియా ఆవిడ గిన్నెడు ఖీరి తెచ్చింది, వాళ్ళకి పుట్టినరోజంటే కేకున్నా లేకున్నా ఖీరి ఉండాల్సిందే. అందులో కిస్‌మిస్‌లు. అవి కూడా కుక్కల కిడ్నీలకి చెరుపు చేస్తాయని ఆవిడకి చెబితే ఆశ్చర్యపోయింది.

మా అమ్మాయికి గ్లూకోజు పరీక్షలో రెండు గంటల తర్వాత 148 వచ్చింది. 140 దాటకూడదు కదా, డాక్టరమ్మ తీపి తగ్గించమంది. అది విని యజమాని "సుగర్ ఫ్రీ కేకు చిన్నది చేయించనా, 600 అవుతుంది" అన్నాడు. పంచదార లేకపోయినా మైదా మైదాయే, అదీ సుగర్ పెంచేదే. పైగా కొన్ని సుగర్ ఫ్రీ సరుకుల్లో పంచదార బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం కలుపుతారు, అది కుక్కలకి చాక్లెట్టు కంటే చెడ్డది. వద్దనేశాను. అమ్మాయి భోజనం చేశాక ఒక చెంచాడు కేకు తిన్నది, దాని సరదా తీరింది. క్రీము కేకు గంటల తరబడి బయట ఉంచితే కడుపుతో ఉన్నవాళ్ళకి మంచిది కాదు, మిగిలింది వెంటనే ఫ్రిజ్జులో పెట్టించాం.

తినుబండారాల్లో పాప్‌కార్న్, పల్లీ పకోడీ తెచ్చారు. వచ్చినవాళ్ళలో సగంమంది నాలుగేళ్ళ లోపు పిల్లలే. పల్లీలు, పాప్‌కార్న్, గుండు ద్రాక్ష పొలమారడానికి పెట్టింది పేరు. పెద్దవాళ్ళ ప్లేట్లలోకి మార్చేసి, పిల్లలకి ఇంట్లో చేసిన ఇడ్లీలు, అరటిపండ్లు పెట్టాం. మూడేళ్ళ పిల్లల పార్టీ అని తెలిసి కూడా ఇవి తేవడం షాపువాళ్ళ తప్పే. అదే మాట అతనితో అన్నాను.

ఇక స్పీకరు. అబ్బబ్బ! ఆరడుగుల డబ్బా, హాలు పన్నెండడుగులు. పాట మొదలవగానే వెనక గదిలో కుక్కపిల్ల మంచం కిందకి దూరి వణికింది, అమ్మాయి తలనొప్పని లేచి వెళ్ళిపోయింది, పుట్టినరోజు వాడు చెవులు మూసుకుని ఏడుపు. తగ్గించమంటే తగ్గిస్తాడు, పాట మారగానే మళ్ళీ మామూలే. చివరికి మా ఆయన వెళ్ళి ప్లగ్గు పీకేశారు. ప్యాకేజీలో దాని అద్దె 1,500 వేశారు, వాడనిదానికి ఎందుకంటే తెచ్చాం కదా అన్నారు. అక్కడ మాత్రం గట్టిగానే బేరం ఆడాం, సగానికి దిగారు.

చెప్పిన టైముకి ముప్పావుగంట ఆలస్యంగా వచ్చారు, ఆస్కా రోడ్డు ట్రాఫిక్కు అన్నారు. ఫొటోలు పెన్‌డ్రైవులో ఇస్తామన్నారు, ఇప్పటికీ రాలేదు.

అయినా పురుడు అయ్యాక ఇరవై ఒకటో రోజు వేడుకకి వీళ్ళనే పిలుద్దామంటోంది మా అమ్మాయి. సరేనన్నాను. స్పీకరు లేకుండా, గ్యాసు బెలూన్లు లేకుండా, తినుబండారాలు మావే అని రాయించుకున్నాకే అడ్వాన్సు ఇస్తానని చెప్పాను. ఫొటోలు చేతికొచ్చాక మిగతాది.