డబ్బు కట్టి గెలిచాను: షార్ట్ ఫిల్మ్ తీసినవాళ్లు ఈ 'ఫెస్టివల్స్'తో జాగ్రత్త

మా షార్ట్ ఫిల్మ్‌లో సంగీతం లేదు. ఈ గొడవంతా అక్కడే మొదలైంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. 11 నిమిషాల 40 సెకన్ల సినిమా. ఇంటి తాళంచెవి పోగొట్టుకున్న తండ్రీ కూతురూ రాత్రంతా మెట్ల మీద కూర్చుంటారు, అంతే కథ. ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) పెట్టాలా వద్దా అని సౌండ్ చూసిన స్నేహితుడూ నేనూ మూడు వారాలు కొట్టుకున్నాం. చివరికి వాడి మాటే నెగ్గింది. ఎక్కడో కుళాయి కారే చప్పుడు, చెప్పుల చప్పుడు, ఆఖర్లో తాళాల గుత్తి మోగడం. ఆ గుత్తి కోసం వాడు నాలుగిళ్లు తిరిగి తాళాలు అడిగి తెచ్చి, దుప్పటి కప్పుకుని కూర్చుని రికార్డు చేశాడు.

ఆ సినిమాకి 'ఉత్తమ షార్ట్ ఫిల్మ్' అవార్డు ఇస్తూ ఒక ఆన్‌లైన్ ఫెస్టివల్ జ్యూరీ పంపిన అభిప్రాయంలో ఇలా ఉంది: "హృదయాన్ని తాకే నేపథ్య సంగీతం కథను మరో స్థాయికి తీసుకెళ్లింది."

నిజం చెప్పాలంటే మొదటిసారి చదివినప్పుడు నాకు అది తట్టనే లేదు. సంతోషం అలాంటిది. రెండుసార్లు చదువుకుని, మా టీమ్ గ్రూపులో పెట్టేశాను. అవార్డు గుర్తుగా వేసుకునే ఆకుల దండ బొమ్మ పోస్టర్ మీద అతికించేశాను కూడా. పావుగంటలో సౌండ్ స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఏ సంగీతంరా?" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

అప్పుడు వెళ్లి లెక్క చూశాను. నాకు ఒక మంచి అలవాటు ఉండటం వల్ల బతికిపోయాను. ఏ ఫెస్టివల్‌కి పంపినా విమియో అనే వీడియో సైటులో సినిమాని విడిగా ఒక కాపీ ఎక్కించి, దానికి వేరే పాస్‌వర్డ్ పెట్టి, డౌన్‌లోడ్ ఆపేసి ఇస్తాను. ఎవరి లింకు వాళ్లదే. ఎవరు చూశారో, ఎంతవరకు చూశారో దాదాపుగా తెలుస్తుంది. ఈ ఫెస్టివల్‌కి ఇచ్చిన కాపీ పేజీ తెరిస్తే ప్లేలు: 0. ఎప్పుడైనా లెక్క అటూ ఇటూ అవుతుందేమోనని అదే రోజు నేనే వేరే ఫోన్‌లో పాస్‌వర్డ్ కొట్టి అర నిమిషం చూశాను. కాసేపటికి 1 అయింది. అంటే లెక్క బాగానే పనిచేస్తోంది, చూడాల్సినవాళ్లే చూడలేదు.

ఇక్కడితో ఆగిపోయి ఉంటే ఎంట్రీ ఫీజు పోయిందనుకుని నవ్వుకునేవాణ్ణి. ఈ పోస్టు రాసేవాణ్ణి కాదు. నేను ఆగలేదు, వాళ్లూ ఆగలేదు.

అవార్డు మెయిల్ కిందే ఒక చిన్న అంగడి ఉంది. సర్టిఫికెట్ పీడీఎఫ్ ఉచితం. అచ్చు వేసిన సర్టిఫికెట్‌కి ఒక ధర, ట్రోఫీకి ఒక ధర, ట్రోఫీ మీద పేరు చెక్కడానికి ఇంకో ధర, రవాణా వేరే. మా సినిమాలో కూతురి పాత్ర వేసిన పాపకి గుర్తుగా ఉంటుందని ఒక ట్రోఫీ తెప్పించాను. తప్పు నాదే, అప్పటికే సున్నా చూసి కూడా కొన్నాను. పిల్ల అడిగింది మరి. వచ్చిన ట్రోఫీ మీద సినిమా పేరులో ఒక అక్షరం తప్పు. ఆ తర్వాత జూమ్‌లో 'గాలా' (అవార్డుల వేడుక) అన్నారు. మూడు గంటలు కూర్చున్నాను. ఒక్క సినిమా కూడా వేయలేదు, ఒక్కొక్కరికి ముప్పై సెకన్లు మాట్లాడే అవకాశం, ఆ వెంటనే తర్వాతి పేరు. అక్కడ కూర్చున్న ప్రతి మనిషీ విజేతే. ఆ నెల విజేతల పేజీ కిందికి జరుపుతూ పోతే బొటనవేలు నొప్పి పుట్టింది. ఉత్తమ పోస్టర్, ఉత్తమ ట్రైలర్, ఉత్తమ తొలి దర్శకుడు, ఉత్తమ తొలి దర్శకుడు (మొబైల్), గౌరవ ప్రస్తావన... ఓడినవాడు ఒక్కడు కనబడితే ఒట్టు.

అసలు నష్టం దీని తర్వాత జరిగింది. దయచేసి ఈ భాగం మాత్రం తొందరపడకుండా చదవండి.

గెలిచాక 'స్క్రీనింగ్ కాపీ' అడిగారు. లోగడ ఒక చిన్న ఫెస్టివల్‌కి, నిజంగా హాలు ఉన్నదానికి, మా పాత సినిమా వెళ్లినప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. డీసీపీ (సినిమా హాళ్లలో వేసే డిజిటల్ కాపీ) ఇస్తారా? లేకపోతే ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే నాణ్యమైన వీడియో ఫైలు ఇస్తారా? సెకనుకి 24 ఫ్రేములా, 25ఆ? సౌండ్ 5.1ఆ (చుట్టూ వినబడేది), స్టీరియోనా? సబ్‌టైటిల్స్ విడి ఫైలుగా ఉన్నాయా? అప్పట్లో విసుగొచ్చింది కానీ, ప్రొజెక్టరు ముందు నిలబడే మనిషి అడిగే ప్రశ్నలు అవే. వీళ్లు మాత్రం "ఎంపీ4 ఏదైనా ఫర్వాలేదు" అన్నారు. అక్కడే నాకు గంట మోగాలి, మోగలేదు. శుభ్రమైన ఫైలు, ఏ ముద్రా లేనిది, అలాగే పంపేశాను.

మూడు రోజుల ఆన్‌లైన్ ప్రదర్శన అన్నారు. వాళ్ల యూట్యూబ్ చానెల్‌లో పెట్టారు, అందరూ చూసేలా. మూడు రోజులు అయ్యాయి, వారం అయింది, తీయలేదు. మెయిల్ రాస్తే నియమాల పేజీలో ఒక పేరా చూపించారు: ఎంపికైన సినిమాలను 'ఫెస్టివల్ ప్రచారం కోసం ఏ మాధ్యమంలోనైనా, కాలపరిమితి లేకుండా' వాడుకునే హక్కు ఎంట్రీతోపాటే ఇచ్చినట్టట. ఫీజు కట్టేముందు నేను టిక్కు పెట్టిన గడి అదే. ప్రచారం అంటే ఒక ముప్పై సెకన్ల ముక్క అనుకుంటాం కదా, వాళ్ల లెక్కలో సినిమా మొత్తం ప్రచారమే.

సరే, మనమూ మన చానెల్‌లో పెట్టుకుందాం అనుకున్నాను. పెట్టిన కాసేపటికే నా సొంత సినిమా మీద కాపీరైట్ క్లెయిమ్. అంటే ఒకరి వీడియోని ఇంకొకరు ఎక్కిస్తే దానంతటదే పట్టుకోవడానికి 2007 నుంచి యూట్యూబ్ నడుపుతున్న కంటెంట్ ఐడీ వ్యవస్థలోకి ఎవరో మా సినిమాని తమదిగా చేర్చారన్నమాట. ఆ వ్యవస్థలో చేర్చాలంటే దాని మీద పూర్తి హక్కు మీ ఒక్కరిదే అయి ఉండాలి, నలుగురికీ ఇచ్చే మామూలు అనుమతితో కుదరదు. ఫెస్టివల్ నియమాల ప్రకారం చూసినా ఆ పూర్తి హక్కు ఫెస్టివల్‌కి లేదు. నేను అభ్యంతరం పెట్టాను. క్లెయిమ్ చేసినవాళ్లకి జవాబివ్వడానికి 30 రోజులు ఉంటుంది. ఇవ్వకపోతే క్లెయిమ్ దానంతటదే పోతుంది. వాళ్లు ఉలకలేదు పలకలేదు. 30 రోజులూ గడిచాక పోయింది. పాటకో నేపథ్య సంగీతానికో క్లెయిమ్ రావడం చూశాను గానీ, కుళాయి చుక్కకి రావడం మా దగ్గరే చూశాను.

అప్పుడే ఇంకో దెబ్బ. నిజంగా ప్రేక్షకులు వచ్చి కూర్చునే ఒక ఫెస్టివల్‌కి అదివరకే పంపి ఉన్నాం. వాళ్ల ప్రోగ్రామర్ (సినిమాలు ఎంపిక చేసే మనిషి) మర్యాదగా రెండు వాక్యాలు రాశారు: సినిమా నచ్చింది, కానీ ఇప్పటికే ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంది కాబట్టి ఈసారి తీసుకోలేకపోతున్నాం. తొలి ప్రదర్శన అనేది ఒక్కసారే ఖర్చు పెట్టగలిగేది. చాలా ఫెస్టివల్స్ దాన్ని అడుగుతాయి. ఆస్కార్ షార్ట్ ఫిల్మ్ విభాగాల్లో కూడా అర్హత రాకముందే సినిమా ఆన్‌లైన్‌లో విడుదలైపోతే ఇక పోటీకి పనికిరాదు. మా సినిమా ఆస్కార్‌కి వెళ్లేదని నేననను, నాకూ అద్దం ఉంది. కానీ ఆ తలుపు మేమే వేసుకోవాలి, ఎవరో మాకు తెలియకుండా వేయకూడదు.

ఇప్పుడు, ఇలాంటి చోట్లని ఎలా పసిగట్టాలో నాకు తెలిసినంత చెబుతాను.

ఫీజు అడిగితేనే మోసం అనుకోకండి. అమెరికాలో పేరున్న సన్‌డాన్స్ ఫెస్టివల్ కూడా ఎంట్రీ ఫీజు తీసుకుంటుంది. గెలిచాక డబ్బు అడిగేవాళ్లని అనుమానించండి. ట్రోఫీకి, అభిప్రాయానికి, 'ఫైనలిస్టు' అనే ముద్రకి రేటు పెట్టినవాళ్ల దగ్గర డబ్బు కట్టే ప్రేక్షకుడివి నువ్వే. నెలనెలా జరిగే ఫెస్టివల్ కనబడితే రెండుసార్లు ఆలోచించండి. జర్మనీలో ఓబర్‌హౌసెన్ షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ 1954లో మొదలైంది, ఇప్పటికీ ఏడాదికి ఒక్కసారే. మనుషుల్ని ఒకచోట చేర్చడం, వచ్చిన సినిమాలన్నీ కూర్చుని చూడటం అంత పని మరి.

ఫోటోలు చూడండి. ఇది నా సొంత పరీక్ష, ఇప్పటిదాకా తప్పలేదు. ట్రోఫీ పట్టుకున్న ముఖాలే ఉన్నాయా, తెర వైపు తిరిగిన తలకాయలు ఉన్నాయా? ప్రేక్షకుల వీపులు కనబడని ఫెస్టివల్‌కి నేనిక పంపను.

పేరులో పెద్ద నగరం, పక్కన 'ఇంటర్నేషనల్' ఉంటే బెదరకండి. ఆ నగరంలో వాళ్లకి ఒక కుర్చీ కూడా ఉండకపోవచ్చు. సినిమాల వివరాలు పెట్టే ఐఎండీబీ సైటు పేరుతో 'ఐఎండీబీ క్వాలిఫైయింగ్' అని గొప్పగా రాసుకుంటారు. దానర్థం ఆ అవార్డు ఐఎండీబీ పేజీలో నమోదు చేసుకోవచ్చని మాత్రమే. ఆ సినిమా మంచిదని, ఫెస్టివల్ మంచిదని కాదు. 'ఆస్కార్ క్వాలిఫైయింగ్' అనేది వేరే సంగతి. ఆ జాబితా ఆస్కార్‌లు ఇచ్చే అకాడమీయే ప్రచురిస్తుంది, నేరుగా అక్కడే చూసుకోండి. అందులో ఉన్న ఫెస్టివల్స్‌లో కూడా నిర్ణీత అవార్డు గెలిచిన సినిమాకే అర్హత, ఎంపికైనంత మాత్రాన రాదు. నిడివి క్రెడిట్లతో కలిపి 40 నిమిషాలు దాటకూడదు.

ఫిల్మ్‌ఫ్రీవే సైటులో ఉంది కదా, అంటారు కొందరు. నేనూ అలాగే అనుకున్నాను. అది దరఖాస్తులు చేరవేసే చోటు. అందులో పేరుంటే అంతా పరీక్షించి పెట్టినట్టు కాదు. ఒకప్పుడు టేపులో డీవీడీలో కవర్లో పెట్టి పోస్టులో పంపేవాళ్లం. 2000లో అలాంటిదే వితౌటాబాక్స్ అనే సైటు వచ్చాక పని ఇంటర్నెట్‌కి మారింది, 2014లో ఫిల్మ్‌ఫ్రీవే వచ్చింది, 2019లో పాతది మూతపడింది. పంపడం మనకి ఒక నొక్కు అయినట్టే, ఫెస్టివల్ పెట్టడం కూడా వాళ్లకి ఒక లోగో, ఒక పేజీ అయిపోయింది. అక్కడ కనబడే రేటింగు నక్షత్రాలు ఎక్కువగా గెలిచినవాళ్లు ఇచ్చినవి. అందరూ గెలిచే చోట నక్షత్రాలు ఎందుకు తగ్గుతాయి?

నియమాల పేజీ మొత్తం చదవండి, నిద్రొచ్చినా సరే. 'కాలపరిమితి లేకుండా', 'ఏ మాధ్యమంలోనైనా', 'ఎంట్రీతోపాటే అంగీకరించినట్టు' అనే మూడు మాటల్లో ఏది కనబడినా ఫీజు కట్టకముందే మెయిల్ రాసి అడగండి: ఆన్‌లైన్‌లో పెడతారా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, అందరికీనా, టికెట్ ఉన్నవాళ్లకేనా? నిజమైనవాళ్లు జవాబిస్తారు. స్క్రీనింగ్ ఫైలు పంపితే మూలన ఫెస్టివల్ పేరు సన్నగా ముద్ర వేసి పంపండి. హాలు ఉందని రుజువయ్యాకే శుభ్రమైన కాపీ. లింకు మాత్రం ఒక్కొక్కరికి విడివిడిగా, అది మర్చిపోవద్దు. మాకు దొరికిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ సున్నా.

మేం ఎలా బయటపడ్డామంటే, వాళ్ల చానెల్‌లో ఉన్న కాపీ మీద యూట్యూబ్‌కి కాపీరైట్ తొలగింపు అభ్యర్థన పెట్టాం. దానికి ఖర్చేమీ లేదు, వకీలు అక్కర్లేదు, ఫారం నిజాయితీగా నింపితే చాలు. నియమాల పేరా అడ్డొస్తుందేమోనని భయపడ్డాను. వాళ్లే ముందు చెప్పిన 'మూడు రోజులు' మెయిల్ జతచేశాను. తీసేశారు. ఎంట్రీ ఫీజు, ట్రోఫీ డబ్బు మాత్రం రాలేదు. డిజిటల్ సేవకి వాపసు లేదన్నారు. కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసే గడువు నేను చూసుకునేసరికే దాటిపోయింది, మీరు ఆ పని మొదటి వారంలోనే చేయండి.

పోస్టర్ మీద ఆకుల దండ తీసేశాను. సినిమాని పోయిన నెల తెలిసినవాళ్ల గదిలో, గోడకి దుప్పటి కట్టి, ఇరవై మూడు మందికి వేశాం. ఆఖర్లో తాళాల గుత్తి మోగినప్పుడు వెనక వరసలో ఎవరో "అమ్మయ్య" అన్నారు. సౌండ్ స్నేహితుడు చీకట్లో నా మోచెయ్యి గట్టిగా గిల్లాడు.

నిన్న పొద్దున ఆ ఫెస్టివల్ నుంచి మళ్లీ మెయిల్. మా సినిమా వాళ్ల వార్షిక మహా పోటీకి నామినేట్ అయిందట, పాల్గొనడానికి చిన్న రుసుము ఉందట. విభాగం: ఉత్తమ సంగీతం.