ఆ "తోట నాటుకోళ్ల" పేజీలో ఆర్డర్ పెట్టకండి, వచ్చేవి బోను కోళ్లు

పేజీ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. మామిడి తోటలో కోళ్లు తిరుగుతుంటే వెనకాల ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి రీల్స్ వదులుతుంటాడు చూడండి, ఆయనే. హైదరాబాద్‌లో నాటుకోడి అని వెతికిన ప్రతివాళ్లకీ ముందు ఆయనే తగుల్తాడు. కనుమకి ఆయన దగ్గర రెండు పెట్టలు చెప్పాం. కిలో 750, పండగ రేటంట. డబ్బు మొత్తం ముందే కట్టించుకున్నాడు, డెలివరీ చార్జి వేరే.

పాత కథ గబగబా చెప్పేస్తా. 2025 ఫిబ్రవరిలో తణుకు వైపు ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మా ఇంట్లో బ్రాయిలర్ మానేశాం. మొదట భయంతోనే మానేశాం, అబద్ధం ఎందుకు, కానీ అప్పుడు చూసిన ఫారం వీడియోలతో తర్వాత కూడా తినబుద్ధి కాలేదు. సరే నెలకోసారి తిన్నా బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకుని పెరిగిన కోడినే తిందాం, రేటు ఎక్కువైతే అయింది, పెంచే రైతుకేగా పోయేది అనుకున్నాం. కువైట్‌లో ఉన్న మా తమ్ముడైతే "నీకేంటక్కా, ఊరి కోడి ఇంటికే వచ్చేస్తుంది, మేమిక్కడ బ్రెజిల్ నుంచి ఓడెక్కి వచ్చిన గడ్డకట్టిన కోడి తింటున్నాం" అని ఏడ్చాడు. వాడి ముందు ఎంత గొప్పలు పోయానో తల్చుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తోంది.

డెలివరీ మిట్టమధ్యాహ్నం వచ్చింది. బైకు హ్యాండిల్‌కి రెండు కోళ్లు, కాళ్లు కట్టేసి, తలకిందులుగా. నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కాలికి కట్టిన ట్యాగు మీద మాత్రం ఆకుపచ్చ స్టిక్కరు, "ఆనందంగా పెరిగిన కోడి" అని. నేను కల్పించి చెప్పట్లేదు, ఫోటో ఉంది నా దగ్గర. జంతువుల్ని ఇలా హింసపెట్టి తీసుకెళ్లడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారమే నేరం, కానీ మొదటిసారి దొరికితే జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు, నేను కట్టిన డెలివరీ చార్జి అంతకంటే ఎక్కువ, ఇంకెవడు భయపడతాడు.

అత్తయ్యగారు పండక్కి పాలకొల్లు నుంచి వచ్చి ఉన్నారు. దొడ్లో కోళ్లని పెంచి, సాయంత్రమైతే గంప కింద కమ్మి, పిల్లి రాకుండా కాపలా కాసిన మనిషి. కట్లు విప్పి ఒకదాన్ని ఒళ్లో పెట్టుకున్నారు, మెడ నిమిరారు, ఒక్క క్షణం ఆగి నా వైపు చూసి "దీని ముక్కు ఎవరు కోశారమ్మా?" అన్నారు.

అప్పుడు చూశా. పై ముక్కు సగానికి కోసేసి ఉంది, మొద్దుగా, కింది ముక్కు ముందుకి పొడుచుకొచ్చి. గోళ్లు పొడుగ్గా పెరిగి వంకర్లు తిరిగిపోయాయి, మట్టిలో గీరిన కోడికి గోళ్లు అరిగి ఉంటాయి కదా, ఇది పుట్టాక మట్టి తొక్కితేగా. మెడ మీద ఈకలు ఊడి చర్మం కనిపిస్తోంది, తల బయట పెట్టి మేత తిన్నప్పుడల్లా బోను తీగకి రాసుకుని రాసుకుని. రొమ్ము ఎముక చేతికి గుచ్చుకుంటోంది. రెండోది కూడా అచ్చం అదే ఎరుపు, అదే సైజు, అదే ముక్కు. మా వైపు కాకి అనీ డేగ అనీ నెమలి అనీ ఒక్కోదాన్ని రంగుని బట్టి ఒక్కో పేరుతో పిలుస్తారు, నిజం నాటుకోళ్లు ఒకే ఊళ్లోవైనా రెండు ఒకేలా ఉండవు. డాబా మీద నూకలు చల్లితే పొడుస్తోంది, గింజ ముక్కుకి అందట్లేదు.

తెలియనివాళ్లకి చెప్తున్నా, ఇవి గుడ్ల ఫారం లేయర్ కోళ్లు, బ్రౌన్ రకం. ఒక్కోదానికి ఏ4 కాగితం అంత జాగా కూడా ఉండని బోనుల్లో పెంచుతారు, ఆ ఇరుకులో ఒకదాన్నొకటి పొడుచుకు చావకుండా పిల్లలప్పుడే వేడి బ్లేడుతో ముక్కు కోసేస్తారు. ఏడాదిన్నర దాటి గుడ్లు తగ్గాయంటే బ్యాచ్ మొత్తం అమ్మేస్తారు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రా దేశంలోనే ఫస్టు, తెలంగాణ కూడా పైవరసలోనే ఉంది, మరి గుడ్లు అయిపోయిన ఆ కోళ్లన్నీ ఎటు పోతున్నాయనుకున్నారు? కొన్ని "నాటు" అయిపోతున్నాయి, అంతే. ముదురు కోడి కాబట్టి మాంసం గట్టిగా ఉంటుంది, ఎన్ని విజిల్స్ వేసినా నములుతూనే ఉంటాం, మనం ఏమో "ఆహా, ఒరిజినల్ నాటు" అనుకుంటాం. మామూలు షాపులో లేయర్ కోడి చాలాసార్లు బ్రాయిలర్ కన్నా తక్కువకే దొరుకుతుంది.

ఫోన్ చేశా. మొదట మర్యాదగానే అడిగా, పొరపాటున వేరేవాళ్ల ఆర్డర్ వచ్చిందేమో అని.

"మా ఫార్మ్‌వే మేడమ్."

"మరి ముక్కులు కోసి ఉన్నాయేంటి?"

"ముక్కుతో మీకేం పని మేడమ్? ముక్కు పులుసు పెడతారా?" వెనక ఎవరో పగలబడి నవ్వుతున్నారు. స్పీకర్‌లో పెట్టాడన్నమాట.

ఆ మాటకి నాకు అంత కోపం రాలేదు, ఇలాంటివాళ్లని చూశాం. తర్వాత అన్నాడు చూడండి, "ఎలాగూ కోసుకుని తినేదే కదా మేడమ్, అది ఎలా బతికితే మీకేంటి?"

మరి నీ పేజీ నిండా నువ్వు అమ్మేది అదే కదయ్యా! అది ఎలా బతికిందో చూపించే కదా కిలోకి 750 గుంజింది! కోడి మాంసం కావాలంటే మా వీధి చివర షాపు లేదా? ఆ తోట, ఆ చెట్లు, కోళ్లు మట్టిలో పొర్లుతున్న వీడియో, "మా కోళ్లకి స్వేచ్ఛ ఉంది" అన్న క్యాప్షన్, వాటికే కదా నేను డబ్బు కట్టింది. ఇదంతా ఫోన్లో అననే లేదు. నోరు పడిపోయినట్టు "అది కాదండీ" దగ్గరే ఆగిపోయా, వాడు "నెక్స్ట్ ఆర్డర్‌కి వంద తగ్గిస్తాలెండి" అని పెట్టేశాడు. సాయంత్రానికి బ్లాక్ చేశాడు. వంద తగ్గిస్తాడంట, మహానుభావుడు.

అన్నీ అసలు సిసలు నాటువే కావాలని నేను మడి కట్టుకు కూర్చోలేదు. వనరాజా, గ్రామప్రియ మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థలో తయారు చేసిన కోడి రకాలే, పెరట్లో పెంచుకోవడానికే చేశారు, అవి అని చెప్పి అమ్మితే సంతోషంగా కొంటా. నాటుకోడిలా కనిపించే సంకర రకం సొనాలి కోడిని సొనాలి అని చెప్పి, సొనాలి రేటుకి అమ్మితే అదీ తప్పు కాదు. మా తమ్ముడి ప్యాకెట్ మీద కనీసం ఏ దేశంలో కోశారో, ఏ తారీఖున కోశారో రాసుంటుంది. మన "లోకల్" కోడికి ఒక స్టిక్కరు, ఒక ఫ్లూట్ మ్యూజిక్.

ఒకదాన్ని కోయించాం, చుట్టాలు వచ్చేశారు, గారెలు అయిపోయాయి, ఏం చేస్తాం. పులుసు మిగిలిపోయింది. రెండోదాన్ని అత్తయ్యగారు కోయనివ్వలేదు, నూకలు నానబెట్టి మూకుడులో కుప్పగా పెడుతున్నారు, అలాగైతే తినగలుగుతోంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌వాళ్లు డాబా మీద కోడి ఏంటని అప్పుడే మెసేజ్ పెట్టారు. ఆ గొడవ ఇంకోసారి రాస్తా.

కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లయింట్ ఇచ్చా, బిల్లు, స్టిక్కరు, రీల్ స్క్రీన్‌షాట్‌లు దాచా. మీరు కూడా మోసపోయుంటే ఫోటోలు డిలీట్ చేయకండి.

కొనేవాళ్లకి రెండు ముక్కలు: కోసి శుభ్రం చేసి పంపిస్తామంటే ఒప్పుకోవద్దు, ముక్కు, గోళ్లు కనపడకుండా చేసే తెలివే అది. ఫార్మ్‌కి వచ్చి చూస్తామనండి, "పండగ బిజీ" అంటే వదిలేయండి. ఊళ్లో తెలిసినవాళ్లు పెంచుతుంటే వాళ్లకే ముందు చెప్పి పెట్టుకోండి. ఇప్పటికే అడ్వాన్స్ కట్టేసినవాళ్లు గేటు దగ్గరే ముక్కు చూసుకోండి, కోసి ఉంటే అక్కడే వీడియో తీసి వెనక్కి పంపేయండి, డెలివరీ పిల్లాడి మీద మాత్రం అరవకండి, వాడికి ఇచ్చేది ట్రిప్పు డబ్బులే.