కోసే కూరగాయల బొమ్మల సెట్టు: బాగా వాడి నలిగాక

రెండు ముక్కల మధ్య వెల్‌క్రో (అతికి ఊడే పట్టీ), మొండి కత్తి, చిన్న పలక. నెల్లూరు ట్రంకురోడ్డులో రూ.400 లోపు దొరికే ఈ ప్లాస్టిక్ సెట్టుకు అయిదుకు మూడు మార్కులు.

ముందు పాడయ్యేది వెల్‌క్రోనే. చాప పోగులు, వెంట్రుకలు ఇరుక్కుంటే ముక్కలు అతుక్కోవు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో గీకితే మళ్లీ పట్టు వస్తుంది. ఎండాకాలంలో జిగురు కరిగి పట్టీయే ఊడిపోతుంది. తెల్ల జిగురు ప్లాస్టిక్‌ను పట్టదు, చెప్పులకు వాడే రబ్బరు జిగురు రాసి రాత్రంతా బరువు కింద ఉంచాలి. వాసన పూర్తిగా పోయాకే పిల్లలకివ్వాలి.

అసలు లోపం వేరు. సెట్టులో ఉండేవి బ్రకోలీ, పుట్టగొడుగు, పిజ్జా ముక్క. పిల్లల కంచంలోకి వచ్చేవి దొండకాయ, బీరకాయ, తోటకూర. ఆటలో కోసిన కూర అన్నంలో కనబడకపోతే ఆ ఆట వల్ల తిండికి ఒరిగేదేమీ లేదు. అందుకే క్యారెట్, టమాటా, వంకాయ ఉంచి మిగతావి పక్కన పెట్టేశాం. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డను జానెడు ఆకులుగా కత్తిరించి నాడాతో కడితే తోటకూర కట్ట. తెల్ల సాక్సులో దూది కూరి కుడితే గుడ్డు. అట్టముక్కతో చేప తప్పనిసరి, అది లేకుండా నెల్లూరులో వంటాట ఏమిటి!

మూడు వంతులుగా ఆడించాలి: అంగడి, వంట, వడ్డన. నలుగురు మించితే కత్తి దగ్గర కొట్లాటే. అంగట్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయ), ఉర్లగడ్డ (బంగాళదుంప) అని ఇంట్లో పిలిచే పేర్లే వాడాలి. వడ్డనకు కాగితం ప్లేటు మధ్యలో గీత గీయండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లే ఉండాలి. "ఈ సగం ఖాళీగా ఉందే, ఏం వేద్దాం?" అంటే చాలు. "చిప్స్ చెడ్డవి" అనొద్దు, ఆ మాటతో పక్కపిల్లను వెక్కిరిస్తారు, అంతే. నెల్లూరు మిఠాయి మలైకాజాకు 'పండగ డబ్బా' అని విడిగా ఒకటి పెడితే సరి.

ఆట ముగిసిన రోజే నిజమైన కూరగాయ చేతికివ్వాలి. చిక్కుడుకాయ ఈనెలు తీయడం నాలుగేళ్లవాళ్లకు బాగా వస్తుంది. తినమని బలవంతం వద్దు. కొత్త రుచి అలవాటు కావడానికి పదిసార్లు కూడా పట్టొచ్చు.

సెట్టులోని గరిటె త్వరగా విరుగుతుంది. దాని బదులు ఉదయగిరి చెక్క చెంచాలు మేలు. నానబెట్టకుండా కడిగి, నీడలో ఆరబెట్టి, కొబ్బరినూనె పూయాలి. కార్తీక మాసం ముసురుకు తడిగా డబ్బాలో పెడితే బూజు ఖాయం.

మూడేళ్లలోపు పిల్లలుంటే 32 మిల్లీమీటర్ల కన్నా చిన్న ముక్కలు తీసేయండి. బఠానీ, వేరుశనగ గింజలతో వంటాట అసలొద్దు, ముక్కులో దూర్చుకుంటారు, గొంతుకు అడ్డం పడతాయి. ఫ్యాక్టరీ బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, డబ్బా మీద చూసి తీసుకోండి. 30 ముక్కల సెట్టు జోలికి పోకండి, అందులో ఎక్కువైనవి కేకులే.