స్ట్రాలకు ఐదు నక్షత్రాలు, ర్యాంకులకు మూడే

మా మాంసపు పశువుల మంద కోసం ఈసారి ఒక పెద్ద బ్రీడింగ్ కంపెనీ కేటలాగ్ చూసి ఆబోతు వీర్యం స్ట్రాలు (గడ్డకట్టించిన వీర్యం నింపిన సన్నటి గొట్టాలు) తెప్పించాను. సరుకుకు వంక పెట్టలేను. లిక్విడ్ నైట్రోజన్ డబ్బా నిండుగా వచ్చింది, ప్రతి స్ట్రా మీదా ఆబోతు కోడ్ స్పష్టంగా ఉంది.

కేటలాగ్‌లో బాగా నచ్చింది, ప్రతి ఈపీడీ (ఒక గుణంలో ఆబోతు దూడలు సగటున ఎంత తేడాగా ఉంటాయో చెప్పే అంచనా అంకె) పక్కనా దాన్ని ఎంతవరకు నమ్మొచ్చో 0 నుంచి 1 లోపు అంకె వేయడం. పుట్టుక బరువు ఈపీడీ ఒక ఆబోతుకు 1 కిలో, అదే జాతిలో ఇంకోదానికి 3 అని ఉంటే, వాటి దూడల్లో సగటున 2 కిలోల తేడా ఉంటుందని అంచనా. సొంత దూడలు ఇంకా పుట్టని కుర్ర ఆబోతుకు నమ్మకం తక్కువని దాచకుండా చూపించారు.

ఇబ్బందల్లా ర్యాంకుల దగ్గరే. ముందు పేజీల ఆబోతులన్నీ టెర్మినల్ ఇండెక్స్ (పలు గుణాలు కలిపి వేసే ఒకే మార్కు) ప్రకారం వచ్చినవి. అంటే దూడలన్నీ కబేళాకే పోతాయి, ఒక్క పెయ్యనూ మందలో ఉంచుకోరు అనుకుని వేసిన లెక్క. ఎదుగుదలకు, మార్బ్లింగ్‌కు (మాంసం లోపలి సన్నటి కొవ్వు చారలకు) మార్కులు ఎక్కువ. కానీ చాలామంది రైతులు దూడను తల్లి నుంచి వేరు చేయగానే, ఆరేడు నెలల వయసులో, బరువు లెక్కన అమ్మేస్తారు. మార్బ్లింగ్ తెచ్చే అదనపు ధర ఫీడ్‌లాట్ (పశువులను మేపి బలిపించే చోటు) దగ్గర, వాటిని కోసి మాంసం అమ్మే ప్యాకింగ్ కంపెనీ దగ్గర తేలుతుంది. అమెరికాలో ఫీడ్‌లాట్ పశువుల్లో సుమారు 85 శాతం నాలుగు ప్యాకింగ్ కంపెనీల చేతుల మీదుగానే వెళ్తాయి. అక్కడి లాభం దూడను పుట్టించిన రైతు దాకా రావడం కష్టం. ఆవు చూడి కట్టకపోతే మాత్రం నష్టమంతా ఆ రైతుదే.

నేను పెయ్యలను ఉంచుకుంటాను. ఎదుగుదల అంకె చూసి ఎగబడితే కూతుళ్లు భారీ ఆవులవుతాయి, బతికినన్నాళ్లూ మేత ఎక్కువ తింటాయి. పాల అంకె కూడా ఎక్కువైతే, మేత తగ్గిన ఏడాది ఎదకు ఆలస్యంగా వస్తాయి. ఆవు సుమారు 283 రోజులు మోస్తుంది కాబట్టి, ఏడాదికో దూడ కావాలంటే ఈనిన 82 రోజుల్లో మళ్లీ కట్టాలి. ఈ టెన్షన్ అనుభవించేవాడికి మొదటి పేజీ ర్యాంకు ఏం పనికొస్తుంది?

ఇంకొకటి. పుట్టుక బరువు తక్కువైతే చాలు, 'తొలి ఈత పెయ్యలకు సురక్షితం' అని గుర్తు వేశారు. చూడాల్సింది సులభ ప్రసవం ఈపీడీ, పుట్టుక బరువు అందులోనే కలిసి ఉంటుంది. సంకరం (వేర్వేరు జాతులను కలపడం) గురించి ఒక్క ముక్క లేదు. చూడి కట్టే గుణం వారసత్వంగా వచ్చేది చాలా తక్కువ, అందుకే అక్కడ ఆబోతు ఎంపిక కన్నా సంకర జాతి ఆవు ఎక్కువ మేలు చేస్తుంది. రైతుకు ఇది చెప్పి తీరాలి.

చివరికి నేను తీసుకున్న ఆబోతు వెనక పేజీల్లో దొరికింది: ఎదుగుదల మధ్యస్థం, సులభ ప్రసవం మేలు, కూతుళ్ల బరువు అదుపులో ఉంటుంది. పెయ్యలను ఉంచుకునేవాళ్లు కేటలాగ్ తెప్పించుకోండి, కానీ వెనక నుంచి చదవండి. కంపెనీవాళ్లు వచ్చే ఎడిషన్‌లో తల్లి గుణాల ఇండెక్స్‌కు వేరే పట్టిక వేస్తే నాలుగో నక్షత్రం కూడా ఇస్తాను.