సైనికుడి రక్షణ దుస్తులు: చిన్న పరిశ్రమకు రబ్బరు మేలా, బొగ్గు పొర మేలా, కొత్త పొడి మేలా?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం ఊరి దగ్గర పదిహేను కుట్టుమిషన్లతో నడిచే మా యూనిట్ ఇన్నేళ్లుగా పైడిభీమవరం మందుల కర్మాగారాల కార్మికులకు ఏప్రాన్లు, చేతి తొడుగులు, తల ముసుగులు కుట్టి ఇస్తోంది. రసాయన, జీవ ఆయుధాల నుంచి సైనికులను కాపాడే దుస్తుల మీద చిన్న సంస్థలు కూడా పరిశోధన చేయవచ్చని, అందుకు ప్రభుత్వ సాయం ఉందని తెలిసినప్పటి నుంచి, మాలాంటివాళ్లు ఏ దారిలో అడుగు పెడితే మేలు అనే ప్రశ్న నన్ను వదలలేదు. ఏడాది పాటు చదివి, తెలిసినవాళ్లను అడిగి, మా షెడ్డులోనే చిన్న చిన్న పరీక్షలు చేసి చూశాక నాకు తేలిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దారి బ్యూటైల్ రబ్బరు పూత వేసిన దుస్తులు. వీటిలోంచి ద్రవమూ పోదు, ఆవిరీ పోదు. కడిగి మళ్లీ వాడుకోవచ్చు. చిక్కల్లా ఏమిటంటే, బయటి విషాన్ని రానివ్వని ఆ పూత లోపలి చెమటను కూడా పోనివ్వదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఆరే దారి లేకపోతే ఒంటి వేడి పెరుగుతూనే ఉంటుంది. సుబేదారుగా పదవీ విరమణ చేసిన మా మామయ్య ఈ మాట వినగానే, "సెమట బూట్లలోకి దిగిపోద్ది అల్లుడా, అరగంట తరవాత శత్రువు కనబడడు, మంచినీళ్ల బాటిలే కనబడద్ది" అన్నారు. విషం చిందిన చోటును కాసేపట్లో శుభ్రం చేసి వచ్చే బృందానికి ఇది సరిపోతుంది గాని, రోజంతా నడిచి పోరాడవలసిన జవానుకు సరిపోదు. మా తీరపు ఉక్కపోతలో అయితే మరీ కష్టం.

రెండో దారి ఉత్తేజిత బొగ్గు పొర ఉన్న, గాలి ఆడే దుస్తులు. ఇప్పుడు అనేక దేశాల సైన్యాలు పోరాట దళాలకు వాడుతున్నవి ప్రధానంగా ఇవే. బొగ్గును ఆవిరితో ఎనిమిది వందల డిగ్రీలకు పైబడిన వేడిలో కాలిస్తే దానిలో కంటికి కనిపించని సూక్ష్మ రంధ్రాలు లెక్కలేనన్ని ఏర్పడతాయి. అప్పుడు ఒక గ్రాము బొగ్గులోని లోపలి ఉపరితలం సుమారు వెయ్యి చదరపు మీటర్లు ఉంటుంది; అంటే నాలుగు గ్రాముల్లో ఎకరం నేలంత వైశాల్యం ఇమిడి ఉంటుందన్నమాట. మస్టర్డ్, సారిన్ వంటి యుద్ధ విషాల ఆవిరి ఆ రంధ్రాల్లో చిక్కుకుపోతుంది, గాలీ చెమటా మాత్రం కొంతవరకు అటూ ఇటూ కదులుతాయి. ఇలాంటి సన్నని రంధ్రాలకు కొబ్బరి చిప్ప బొగ్గు ఎంతో అనువైనది. గట్టిగా ఉంటుంది, బూడిద తక్కువ. కవిటి, సోంపేట, కంచిలి వైపు ఉద్దానం తోటల్లో చిప్పలకు కొదవ లేదు. మూడు నాలుగు కిలోల చిప్పలు కాలిస్తే కిలో బొగ్గు వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటలను కూల్చివేసిన తరువాత కోలుకుంటున్న రైతుకు చిప్పకు కూడా మంచి ధర రావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఒకడిని.

దీనికీ లోపాలున్నాయి. చెమట, డీజిల్ పొగ, ఇంధనపు ఆవిరి ఆ రంధ్రాలను ముందే నింపేస్తాయి కనుక, మూసిన సంచీ తెరిచిన నాటి నుంచి సూటు ఆయుష్షు తరుగుతూ ఉంటుంది. హైడ్రోజన్ సయనైడ్ వంటి చిన్న అణువులను వట్టి బొగ్గు సరిగా పట్టుకోలేదు. అందుకే ముఖానికి తొడుక్కునే ముసుగుకు ఉండే, పీల్చే గాలిని వడపోసే డబ్బాలోని బొగ్గుకు రాగి, వెండి, జింకు, మాలిబ్డినం లవణాలు పట్టిస్తారు. ఒకప్పుడు క్రోమియం కూడా కలిపేవారు, దాని వల్ల క్యాన్సర్ ముప్పు ఉందని తెలిశాక మానేశారు. ఇక క్రిముల విషయానికి వస్తే బొగ్గుతో పని జరగదు. ఆంత్రాక్స్ వ్యాధి తెచ్చే బీజాణువు పరిమాణం సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దాన్ని ఆపేది ముసుగులోని సన్నని నారల వడపోత మాత్రమే. జీవాయుధాల ముప్పులో ఊపిరితిత్తులదే పెద్ద ప్రమాదం కాబట్టి, అక్కడ సూటు కంటే ముసుగుకే ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలి.

మూడో దారి గురించే కుర్రకారు ఎక్కువగా మాట్లాడుతున్నారు. లోహాన్ని కర్బన అణువులతో అల్లి చేసే, సూక్ష్మ రంధ్రాలున్న మెటల్ ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్క్ అనే జాతి పొడుల్లో జిర్కోనియం లోహంతో చేసిన కొన్ని, సారిన్ వంటి నరాల విషాన్ని పట్టి ఉంచడమే కాక విరగ్గొట్టేస్తాయి. వీటిలో పేరున్న ఒకదాన్ని 2008లో ఓస్లో విశ్వవిద్యాలయం వారు వెలువరించారు. బొగ్గు విషాన్ని దాచుకుంటుంది, ఇది విషాన్ని లేకుండా చేస్తుంది. ఆ తేడా నిజంగా గొప్పదే. అయితే ప్రయోగశాలలో నిమిషాల్లో జరిగిన ఆ పని తగిన ద్రావణంలో జరిగినది. పొడి బట్ట మీద అంత వేగం రాదు. పొడి రాలిపోకుండా నారకు అంటించడం మరో పని. అంతకంటే పెద్ద అడ్డంకి పరీక్ష. 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం ప్రకారం అసలు విషాన్ని ఎవరు పడితే వారు తయారు చేయకూడదు, దగ్గర పెట్టుకోకూడదు. అది న్యాయం కూడా. మన దేశంలో అటువంటి పరీక్షకు గ్వాలియర్‌లోని డీఆర్‌డీఈ వంటి ప్రభుత్వ ప్రయోగశాలల తలుపే తట్టాలి. విషాన్ని విరగ్గొడుతుందని చెప్పుకునే పొడిని అసలు విషం మీద పరీక్షించకుండా ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా.

బొగ్గు పొరకు మాత్రం మొదటి దశ పరీక్షలు మా షెడ్డులోనే సాధ్యమయ్యాయి. మస్టర్డ్‌కు బదులుగా పరిశోధకులు వాడే మిథైల్ సాలిసిలేట్ మనకు తెలిసిన వాసనే, ఒళ్లు నొప్పుల లేపనంలో ఉండేది. గాజు సీసాలో కొంచెం పోసి, మూతికి బొగ్గు బట్ట బిగించి కట్టి, ముగ్గురం వంతులవారీగా వాసన చూశాం. కుట్టు లేని ముక్క గంటలు గడిచినా వాసన రానివ్వలేదు. అదే బట్టను మధ్యలో కుట్టి కడితే పది నిమిషాల్లోనే సూది రంధ్రాల గుండా వాసన వచ్చేసింది. బట్ట మంచిదే, మా కుట్టే చెడ్డది. ఇన్నేళ్లుగా కుట్టునే నమ్ముకున్న మాకు ఆ సాయంత్రం చాలా బాధ కలిగింది, అక్కడే పని కూడా దొరికింది.

డబ్బు సంగతి కొస్తే, అమెరికాలో 1982 నాటి చట్టంతో మొదలైన చిన్న వ్యాపారాల పరిశోధనా పథకం ముందు ఆలోచన నిలుస్తుందో లేదో చూడటానికి చిన్న మొత్తం ఇస్తుంది, నిలిస్తే నమూనాకు పెద్ద మొత్తం ఇస్తుంది. అది ఆ దేశపు సంస్థలకే గాని, పద్ధతి నేర్చుకోదగినది. మన దగ్గర కొత్త ఆలోచనల కోసం రక్షణ శాఖ 2018లో మొదలుపెట్టిన ఐడెక్స్ పథకపు సవాళ్లలో గెలిస్తే కోటిన్నర దాకా సాయం వస్తుంది, అంతకు సమానంగా మన వాటా పెట్టుకోవాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ వారి టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ అయితే ఖర్చులో తొంభై శాతం వరకు భరిస్తుంది. 2022లో ఒక్కో ప్రాజెక్టు పరిమితిని పది కోట్ల నుంచి యాభై కోట్లకు పెంచారు. సగం వాటా కోసం ఇల్లు తాకట్టు పెట్టవలసిన మాలాంటివాళ్లకు రెండోదే మేలని నా అభిప్రాయం.

మొత్తం సూటు మేమే చేస్తామని బయలుదేరడం కూడా తగదు. 2025 ఫిబ్రవరిలో రసాయన విషాలను పసిగట్టే 223 పరికరాలకు రక్షణ శాఖ కుదుర్చుకున్న 80.43 కోట్ల ఒప్పందం ఎల్ అండ్ టీకి దక్కింది. పరికరాన్ని రూపొందించినది డీఆర్‌డీఈ. పెద్ద ఒప్పందం పెద్ద సంస్థకే వెళ్తుంది, దానిలోని ఒక భాగాన్ని అందరికంటే బాగా చేసేవాడికి చోటు ఉంటుంది. అందుకే మేము బొగ్గు పొరను, అందులోనూ కుట్టును ఎంచుకున్నాం. సైన్యం నుంచి మాట రావడానికి ఏళ్లు పట్టినా, ద్రావకాల ఆవిరి మధ్య పనిచేసే పైడిభీమవరం కార్మికుడికి అదే పొర ఈ ఏడాదే పనికొస్తుంది.

కుట్టు మీద వేడితో అంటించే పట్టీ వేసి చేసిన మొదటి చొక్కాను మే నెల మధ్యాహ్నం మామయ్యే తొడుక్కుని పెరట్లో అరగంట నడిచారు. విప్పి చూస్తే వీపు దగ్గర బట్ట చెమ్మగిల్లిందంతే, మెడ పట్టీ మాత్రం ముద్దగా తడిసిపోయింది. తడిసిన చోట బొగ్గు పట్టు తగ్గుతుంది కనుక, రెండో చొక్కాకు మెడ దగ్గర పట్టీ వెడల్పు తగ్గించి కత్తిరిస్తున్నాం.