తాగుడు మానాలనుకునేవాళ్లకు కర్నూలులో ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగ్: ఒక అక్క అనుభవం

మా తమ్ముడు పెయింటింగ్ కాంట్రాక్టులు చేస్తాడు. పనిలో వంక పెట్టడానికి ఉండదు. అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులూ చుక్క ముట్టడు. మాల తీసిన రాత్రికే మళ్లీ మొదలు. ఇంట్లో అందరం చెప్పాం, ఏడ్చాం, ఒట్లు వేయించుకున్నాం. 'మనిషికి తెలియకుండా మాన్పిస్తాం' అని గోడల మీద రాసి ఉంటుంది చూడండి, ఆ మాత్రలు తెచ్చి మా మరదలు పప్పులో కలపబోయింది. అడిగితే డాక్టరు గట్టిగా వద్దన్నారు. డైసల్ఫిరామ్ లాంటి మాత్ర ఒంట్లో ఉండగా మందు తాగితే వాంతులు, గుండె దడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. అది డాక్టరు రాసి, తాగే మనిషికి తెలిసి వాడాల్సిన మాత్ర. దయచేసి ఎవరూ దొంగతనంగా పెట్టొద్దు.

చివరికి వాడిని ఏఏ మీటింగ్‌కు తీసుకెళ్లాలనుకున్నాం. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని తమ అనుభవాలు చెప్పుకుంటారక్కడ. ఆ మీటింగ్ వెతుక్కోవడం మాత్రం కష్టమైంది. ఇంటర్నెట్‌లో దొరికిన అడ్రసుకు ఆటో వేసుకుని వెళ్తే తాళం వేసి ఉంది. అందుకని ఫోన్ చేసి, ఏ రోజు, ఎన్ని గంటలకు అని కనుక్కున్నాకే బయలుదేరండి. ఎవర్ని అడగాలో తోచకపోతే 14446కు చేయండి, అది మత్తు అలవాట్ల మీద సలహా ఇచ్చే జాతీయ హెల్ప్‌లైన్, డబ్బులు పడవు. ఇంకో మాట. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు రావచ్చు, మతి చెదిరి ఏవేవో కనపడొచ్చు. చేతులు వణుకుతున్న మనిషిని నేరుగా మీటింగ్‌కు కాదు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మేం పెద్దాసుపత్రిలో చూపించి, ఒళ్లు కుదుటపడ్డాకే వెళ్లాం.

ఎవరెవరో బయటపెట్టని వాళ్ల పద్ధతిని గౌరవించి హాలు ఎక్కడో రాయడం లేదు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు, మానడానికి వాళ్లు పాటించే 'పన్నెండు మెట్లు' రాసిన బ్యానర్, ఒక టేబుల్, అంతే. ఒక నిమిషం మౌనం, చిన్న ప్రార్థన, ఆ తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి, 'నేను ఆల్కహాలిక్‌ని' అని మొదలుపెడతారు. ఇంటిపేరు, ఊరు, కులం ఏవీ అడగరు. మాట్లాడేవాళ్లకు మధ్యలో ఎవరూ అడ్డు రారు, అయ్యాక సలహాలూ ఇవ్వరు. 'నువ్వు ఇలా చేయి' అనే మాటే వినపడలేదు. ఆటో నడిపే ఒకాయన, కూతురి స్కూల్ ఫీజు కట్టడానికి బయలుదేరి బ్రాందీ షాపు దగ్గర ఆగిన రోజు గురించి చెప్తుంటే మా తమ్ముడు తల ఎత్తి ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. మేం ఇన్నేళ్లు చెప్పినప్పుడు ఆ చూపు ఒక్కసారి కూడా చూడలేదు నేను. వాడికి చెప్పేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, వాడిలాంటి వాళ్లే లేకపోయారు. ఈ మీటింగ్‌కు నేనిచ్చే విలువంతా దానికే.

చివర్లో చిన్న సంచి తిప్పారు. నేను వంద నోటు వేయబోతే పక్కనున్న పెద్దాయన చేయి అడ్డం పెట్టి, "వద్దమ్మా, ఇది మెంబర్లు మాత్రమే వేసుకునేది" అన్నాడు. హాలు అద్దె, టీ ఖర్చు వాళ్లవే. ఫీజు లేదు, బయటి విరాళం తీసుకోరు. 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా మొదలుపెట్టిన సంఘం ఇది. చేరడానికి కావాల్సింది మానాలన్న కోరిక ఒక్కటే. దేవుడి మాట వస్తుంది కానీ ఎవరి దేవుడు వాళ్లకే. మా గ్రూపులో నమాజుకు వెళ్లేవాళ్లూ, శ్రీశైలం కాలినడకన వెళ్లేవాళ్లూ పక్కపక్కనే కూర్చుంటారు.

మాటలతో జబ్బు తగ్గుతుందా అని నాకూ అనుమానం ఉండేది. 2020లో కొక్రేన్ అనే అంతర్జాతీయ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు, పదివేలకు పైగా మందిని కలిపి పరిశీలించారు. పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఈ పద్ధతి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిటికన్నా మెరుగని తేలింది. అందరికీ పనిచేస్తుందని నేను చెప్పను. మా వాడే మధ్యలో ఊళ్లో దేవర జాతరకు వెళ్లి తాగొచ్చాడు. మళ్లీ మొహం చూపించలేనని టెన్షన్ పడ్డాడు. వెళ్తే ఎందుకు తాగావని ఒక్కరూ అడగలేదట. "వచ్చావు కదన్నా, కూర్చో" అని టీ ఇచ్చారట. ఇప్పుడు సాయంత్రం మనసు లాగితే స్పాన్సర్‌కు ఫోన్ చేస్తాడు. స్పాన్సర్ అంటే అంతకుముందే మానేసి నిలబడ్డ మెంబరు. రాత్రి పదకొండుకు చేసినా ఆయన ఎత్తుతాడు. ఆ ఫోన్లే వాడిని కాస్తున్నాయని మా మరదలు అంటుంది, నేనూ అదే అంటాను.

ఇబ్బందులు లేవని కాదు. కొందరు చెప్పిందే చెప్తారు. నేను వెళ్లినప్పుడు ఆడవాళ్లు ఎవరూ కనపడలేదు. తాగుడు సమస్య ఉన్న ఒక అమ్మాయి ఒంటరిగా ఆ గదిలోకి రావడం ఎంత కష్టమో అనిపించింది. అలాంటివాళ్లకు ఫోన్లో జరిగే ఆన్‌లైన్ మీటింగులు కొంత నయం. ఇంట్లోవాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ అనే వేరే సంఘం ఉంది, మరదలికి దాని ఆన్‌లైన్ మీటింగ్ చూపించాను.

ఇంట్లోవాళ్లు కూడా రావాలనుకుంటే ఓపెన్ మీటింగ్ ఎప్పుడో ముందే అడగండి. క్లోజ్డ్ మీటింగ్ మానాలనుకునేవాళ్లకు మాత్రమే, ఆ రోజు మనిషిని గుమ్మం దాకా దింపి మనం వచ్చేయాలి.